గోడల మధ్య పెరిగిన వైట్‌ఫీల్డ్

బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్‌లో తూర్పు చివరిదాకా వెళ్తే వచ్చే స్టేషన్ పేరు ‘వైట్‌ఫీల్డ్ (కాడుగోడి)’. బ్రాకెట్‌లో సర్దుకున్న ఆ పేరే అక్కడి పాత ఊరు. బయట దర్జాగా ఉన్న పేరు వచ్చి నూటయాభై ఏళ్లు కూడా కాలేదు. అదే లైన్‌లో వెనక్కి వస్తుంటే ఐటీ పార్కు గేటు ముందు రైలు ఆగే చోటు పట్టందూరు అగ్రహార. ఆ తర్వాత నల్లూరహళ్లి, కుందలహళ్లి, సీతారామపాళ్య, హూడి. ఇరవై ఏళ్లుగా కంపెనీల పేర్లతోనో అపార్ట్‌మెంట్ల పేర్లతోనో అడ్రస్ చెప్పుకుంటున్న జనానికి, తాము ఉంటున్నది ఏ ఊళ్లోనో మెట్రో అనౌన్స్‌మెంట్ చెబితే గానీ తెలియలేదు.

ఈ పల్లెలన్నీ చెరువుల చుట్టూ పుట్టినవే. రాజేంద్ర చోళుని కాలంలో పట్టందూరు చెరువు కట్టించి తూములు పెట్టించిన సంగతి 11వ శతాబ్దపు కాడుగోడి తమిళ శాసనంలో ఉంది. అంటే ఇక్కడ రాతిలో మిగిలిన పాత కబుర్లలో ఒకటి నీళ్లదే. ఊళ్ల పేర్లలోనూ ఆ తడి ఉంది. చన్నసంద్రలోని ‘సంద్ర’ అంటే సముద్రం, మన అనంతసాగరంలో సాగరం లాగ పెద్ద చెరువుకు పెట్టుకున్న పేరు. వర్తూరు కోడి అనే జంక్షన్ దగ్గర బస్సు దిగిన కొత్త తెలుగువాడు చికెన్ సెంటర్ ఎక్కడుందా అని చూస్తాడేమో గానీ, కన్నడలో కోడి అంటే అలుగు. నిండిన చెరువు పొర్లే చోటు. వర్తూరు చెరువు అలుగు ఎక్కడుందో ఆ పేరే చెబుతుంది. మ్యాపు చూడకుండా పేర్లు మాత్రమే చదివినా ఏ నీరు ఎటు పోతుందో చాలావరకు అర్థమవుతుంది. తర్వాత వచ్చినవాళ్లలో ఆ పేర్లు చదివినవాళ్లు తక్కువ.

మొదట అలా వచ్చింది 1882లో. అంతకు ముందు ఏడాదే బ్రిటిష్‌వాళ్లు మైసూరు రాజ్యాన్ని వడయార్లకు తిరిగి అప్పగించారు. మద్రాసులో యురేషియన్, ఆంగ్లో ఇండియన్ (యూరోపియన్, భారతీయ మిశ్రమ సంతతి) సంఘాన్ని నడుపుతున్న డి.ఎస్. వైట్, తమ వాళ్ల కోసం కొంత భూమి కావాలని మహారాజు చామరాజ వడయార్‌ను అడిగారు. రైల్వేలోనో, టెలిగ్రాఫ్ ఆఫీసులోనో, కస్టమ్స్‌లోనో గుమాస్తాగిరీ మీద బతికే సమాజం అది. ఇంగ్లిషు చదువుకున్న హిందువులు ఆ ఉద్యోగాలకు పోటీ వస్తున్న కాలం. సర్కారు కొలువు పోయినా సొంత కాళ్ల మీద నిలబడేలా వ్యవసాయం చేయించాలన్నది వైట్ ఆలోచన. మహారాజు ఇచ్చింది 3,900 ఎకరాలు. ఊరికి వైట్ పేరే పెట్టారు. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంట్ దాకా 1864లోనే రైలు మార్గం పడింది కాబట్టి, స్టేషన్ దగ్గరలో ఉండటం ఈ చోటుకు కలిసివచ్చింది.

నాలుగు తరాలు కలం పట్టినవాళ్లు ఒక్కసారిగా నాగలి పట్టడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? మెట్ట నేల, బావుల మీద సేద్యం, అలవాటు లేని పని. అనుకున్నన్ని కుటుంబాలు రాలేదు, వచ్చినవాళ్లలోనూ రైతులుగా నిలిచినవాళ్లు తక్కువ. చివరికి అది పింఛనుదారుల ఊరైంది. మధ్యలో గుండ్రటి మైదానం, దాని చుట్టూ రోడ్డు, రోడ్డు చుట్టూ పెంకుటిళ్లు, పెద్ద పెద్ద తోటలు, ఒక చర్చి, ఒక సత్రం. ఆ రోడ్డును ఇన్నర్ సర్కిల్ అంటారు. ఈనాటికీ ఉంది, పాత ఇళ్లే చాలావరకు లేవు. బెంగళూరు కంటోన్మెంట్‌లో సైనికాధికారిగా ఉన్న రోజుల్లో చర్చిల్ ఈ సత్రానికి వస్తుండేవాడనీ, ఓనర్ కూతురి కోసమే వచ్చేవాడనీ ఒక కథ చెప్పుకుంటారు. 1896 నుంచి కొన్నేళ్లు చర్చిల్ బెంగళూరులో ఉన్నది నిజమే. మిగతాది పాత ఊళ్లన్నింటికీ ఉండే ముచ్చట లాంటిది, కొట్టిపారేస్తే స్థానికులు నొచ్చుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండ్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయాయి.

వైట్ ప్రయత్నం ఫలించలేదు కానీ దాని పద్ధతి మాత్రం నిలిచింది. ఒక పెద్ద మనిషి లేదా సంస్థ ప్రభుత్వం దగ్గర ఒక చెక్క భూమి తీసుకోవడం, దాని లోపల అన్నీ తనవాళ్ల కోసం చక్కగా అమర్చుకోవడం, చుట్టూ ఉన్న పల్లెలతో పాలు, కూరగాయలు, పనిమనుషుల వరకే సంబంధం పెట్టుకోవడం. ఈ ప్రాంతంలో ఆ తర్వాత జరిగినవాటిలో ముఖ్యమైనవన్నీ ఇదే అచ్చులో జరిగాయి. వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌ను ప్లానింగ్ లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అనడం అలవాటైపోయింది. ప్లానింగ్ లేక కాదు, ప్రతి గోడ లోపలా భేషైన ప్లాను ఉంది. గోడకూ గోడకూ మధ్య ఉన్న జాగాకే ఎవరూ ప్లాను వేయలేదు.

గోడ కట్టిన రెండోవారు తెలుగువారికి బాగా తెలిసినవారే. 1960ల నాటికి పుట్టపర్తి సత్యసాయిబాబా కాడుగోడి రైల్వే స్టేషన్ దగ్గర బృందావనం ఆశ్రమంలో ఏడాదిలో కొంతకాలం గడపడం మొదలైంది. 1969లో అక్కడే మగపిల్లల కాలేజీ, 1970లలో జనరల్ ఆసుపత్రి వచ్చాయి. బాబా ఉపన్యాసమంతా తెలుగులో సాగేది, పక్కనే ఒకరు ఇంగ్లిషు చెప్పేవారు. విదేశీ భక్తులు ‘ప్రేమస్వరూపులారా’ అన్న మాటను అనువాదం అక్కర్లేకుండా గుర్తుపట్టే స్థితి కాడుగోడిలో ఉండేది. రాయలసీమ నుంచి, కోస్తా నుంచి వచ్చేవారికి వైట్‌ఫీల్డ్ అంటే దర్శనం ఊరు. సాఫ్ట్‌వేర్ మాట పుట్టకముందే చాలా తెలుగు ఇళ్లలో ఈ పేరు వినిపించడానికి కారణం అదే. 2001 జనవరిలో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి దీనికి కొనసాగింపు. గుండెకు, మెదడుకు ఆపరేషన్ చేసి రోగి దగ్గర పైసా తీసుకోని ఆ ఆసుపత్రి పేరే ఇప్పుడు ఒక మెట్రో స్టేషన్ పేరు. చుట్టుపక్కల స్టేషన్లలో దిగేవారి మెడలో కంపెనీ ట్యాగు ఉంటుంది, ఇక్కడ దిగేవారిలో చాలామంది చేతిలో ఎక్స్‌రే కవర్లు ఉంటాయి.

మూడో గోడతో కథ మలుపు తిరిగింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు సింగపూర్ ప్రధాని గో చోక్ తోంగ్‌తో నడిచిన మాటల్లోంచి, భారత్‌లో సింగపూర్ తరహా టెక్నాలజీ పార్కు కట్టాలన్న ఆలోచన వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం, టాటాలు, సింగపూర్ కంపెనీల కూటమి కలిసి పట్టందూరు అగ్రహారంలో 69 ఎకరాల్లో కట్టడం మొదలుపెట్టారు. 1998లో తలుపులు తెరిచారు. అదే ఐటీపీఎల్. భవనాలకు డిస్కవరర్, ఇన్నోవేటర్, క్రియేటర్ అని పేర్లు. దానికి సొంత పవర్ ప్లాంట్ ఉండటం అసలు విశేషం. కర్ణాటకలో కరెంటు కోతలు మామూలైన రోజులవి. పార్కు అమ్మింది అద్దాల భవనాలను కాదు, కరెంటు పోదన్న భరోసాను. బయట కరెంటు, నీళ్లు, రోడ్డు, ఫోను ఏవీ నమ్మకంగా లేవు కాబట్టి, అన్నీ లోపలే తయారుచేసుకునే తీరు వచ్చింది. ఆ పక్కనే కర్ణాటక ప్రభుత్వ పారిశ్రామిక భూముల సంస్థ కేఐఏడీబీ రైతుల దగ్గర భూములు సేకరించి ఎగుమతుల కోసం వేసిన ఈపీఐపీ పారిశ్రామికవాడ కూడా సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లతో నిండిపోయింది.

అంతకుముందు ఈ తూర్పు వైపున పరిశ్రమ లేదని కాదు. విమానాల హెచ్‌ఏఎల్ 1940లో, టెలిఫోన్ల ఐటీఐ 1948లో వచ్చాయి. కృష్ణరాజపురం పక్కన దూరవాణి నగర ఐటీఐ వాళ్ల కాలనీయే. గ్రాఫైట్ ఇండియా ఫ్యాక్టరీ మూతపడ్డా జంక్షన్ పేరుగా మిగిలింది. కానీ ఆ ఫ్యాక్టరీలు తమ కార్మికులకు క్వార్టర్స్ కట్టి, బస్సులు నడిపాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మంచి జీతం ఇచ్చి ఇల్లు మీరే చూసుకోండి అన్నాయి. వేలమంది ఒకేసారి ఇళ్లు వెతుక్కోవడం మొదలైంది. అక్కడి నుంచి నాలుగో రకం గోడలు లేచాయి. అవే గేటెడ్ కమ్యూనిటీలు.

ఈ ఇళ్లు లేచింది రైతుల పొలాల్లో. స్థానిక రైతు కుటుంబాలు భూమిని పూర్తిగా అమ్మేయకుండా బిల్డర్‌తో జాయింట్ డెవలప్‌మెంట్‌కు ఒప్పుకునేవి. పొలం రైతుది, కట్టుబడి బిల్డర్‌ది, లేచిన ఫ్లాట్లలో చెరికొంత వాటా. రాగులు పండిన చోట ఫ్లాట్ల అద్దెలు పండాయి. కొంచెమే భూమి ఉన్నవాళ్లు రెవెన్యూ సైట్లుగా, అంటే లేఅవుటు ఆమోదం లేని ప్లాట్లుగా ముక్కలు చేసి అమ్మారు, లేదా నాలుగైదు అంతస్తులు లేపి పీజీ హాస్టల్ పెట్టారు. పంచాయతీ రోజుల్లో అనుమతులు సులువు. అలా వచ్చినవే చాలా బి-ఖాతా ఆస్తులు. పన్ను కడతారు కానీ లేఅవుటుకు పూర్తి ఆమోదం ఉండదు, బ్యాంకు లోను దగ్గర చిక్కు. ఎకరం మీద ఎకరం ఇలా మారుతుంటే రోడ్లు మాత్రం ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండి నడిచిన దారులే. హూడి నుంచి కాడుగోడికో, వర్తూరు నుంచి గుంజూరుకో పోయే రోడ్డు గుడి దగ్గర ఒక మలుపు, చెరువు కట్ట దగ్గర ఒక మలుపు తిరుగుతుంది. బండికి ఆ మలుపులు సరిపోయాయి. కంపెనీ బస్సుకు సరిపోతాయా?

పాలన అన్నిటికన్నా చివర వచ్చింది. పంచాయతీలుగా, ఆపై మహదేవపుర నగరసభగా (మునిసిపాలిటీగా) ఉన్న ఈ ప్రాంతం 2007లో మరో ఆరు నగరసభలు, ఒక పురసభ, 110 పల్లెలతో పాటు బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో, అంటే నగర కార్పొరేషన్‌లో కలిసింది. ఐటీపీఎల్ తెరిచిన తొమ్మిదేళ్లకు. కలిసిన మాట నిజమే గానీ ఆ 110 పల్లెలకు కావేరి నీళ్లు, భూగర్భ డ్రైనేజీ రావడానికి ఇంకో పదిహేడేళ్లు పైన పట్టింది. పాలికె కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరగకుండానే 2025 సెప్టెంబరులో పాలికెను ఐదు నగర పాలికెలుగా విడగొట్టారు. మహదేవపుర, కృష్ణరాజపురం ప్రాంతాలు ఇప్పుడు బెంగళూరు తూర్పు నగర పాలికె కింద ఉన్నాయి. ఐటీ పన్నులు రాల్చే ప్రాంతం కాబట్టి తూర్పు పాలికెకు డబ్బుకు కరువుండకూడదు. కరువల్లా రోడ్డు వెడల్పు చేయడానికి ఖాళీ జాగాకు.

గోడల పద్ధతి ఎక్కడ తెగిందో చూడాలంటే నీళ్ల దగ్గరికే రావాలి. గోడకు అన్నీ ఆగుతాయి, నీరు ఆగదు.

బెంగళూరు గుట్టమీది నగరం, పెద్ద నది లేదు. అందుకే పాతవాళ్లు గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు నిండితే అలుగు పారి, రాజకాలువ గుండా కింది చెరువులోకి పోతుంది. నగరం మధ్యలోని మురుగులో పెద్ద వాటా కోరమంగళ–చల్లఘట్ట లోయ గుండా బెల్లందూరు చెరువులోకి, అక్కడి నుంచి వర్తూరు చెరువులోకి, చివరికి దక్షిణ పినాకిని నదిలోకి చేరుతుంది. సబ్బుల్లోని రసాయనాలు, శుద్ధి కాని మురుగు కలిసిన నీరు అలుగు మీద నుంచి దూకినప్పుడు చిలికినట్టై నురగ లేస్తుంది. 2015 ప్రాంతంలో ఆ నురగ వర్తూరు కోడి రోడ్డు మీద స్కూటర్లను ముంచేసింది. 2017 ఫిబ్రవరిలోనూ, 2018 జనవరిలోనూ బెల్లందూరు చెరువే అంటుకుంది. నీటికి నిప్పంటుకోవడం మన పురాణాల్లో కూడా అరుదైన ముచ్చట. మండింది నీరు కాదు, దాని మీద పేరుకున్న ఎండుగడ్డి, చెత్త. చూసేవాళ్లకు ఆ తేడా పెద్దగా కనపడలేదు.

2022 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వానకు కోట్లు పెట్టి కొన్న విల్లాల్లోకి నీళ్లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద నిలబడి ఆఫీసుకు వెళ్లిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. రాజకాలువలు మీద స్లాబులు పడి ఇరుకయ్యాయి, కొన్ని మలుపు తిరిగాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. పై కాంపౌండ్ తన వాననీటిని మోటార్లతో బయటికి తోడుకుంటే ఆ నీళ్లు కింది కాంపౌండ్‌లోకి పోతాయి. ఎంత ఎత్తు గోడ కడితే పక్కవాడికి అంత లోతు. సరిగ్గా ఏడాదిన్నర తిరిగాక, 2024 ఎండాకాలంలో అవే ఇళ్లలో బక్కెట్లు లెక్కపెట్టుకున్నారు. ముందటి ఏడు వానలు పడలేదు, నగరంలోని 13,900 సర్కారు బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. ట్యాంకర్ రేట్లకు కళ్లెం వేయాల్సి వచ్చింది: అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు వెయ్యి రూపాయలు. తాగునీటితో కారు కడిగితే 5,000 జరిమానా. వాట్సాప్ గ్రూపుల్లో మెయింటెనెన్స్ చార్జీల గొడవ పోయి ట్యాంకర్ టెన్షన్ మొదలైంది.

వరద, కరువు రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. చెరువులో నిలవాల్సిన నీరు ఇంట్లోకి వచ్చింది, నేలలోకి ఇంకాల్సిన నీరు కాంక్రీటు మీదుగా జారిపోయింది. 2024 అక్టోబరు 16న కావేరి ఐదో దశను ప్రారంభించారు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా ఆ 110 పల్లెల కోసం. దాదాపు వంద కిలోమీటర్ల అవతలి నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపుల మీద ఎక్కి వచ్చే నీళ్లివి. పక్కన చెరువుల గొలుసు ఉండగా నదిని కొండెక్కించడం వింతే, అయినా ప్రస్తుతానికి ట్యాంకర్ కన్నా అదే చవక. వింతకు మరో కొస కూడా ఉంది. బెల్లందూరు వైపు శుద్ధి చేసిన మురుగునీటిని 2018 నుంచి పైపుల్లో కోలార్ జిల్లా చెరువులకు పంపుతున్నారు. శుద్ధి చాలదని అక్కడ వాదం నడిచింది, కోర్టుల దాకా వెళ్లింది. తెలుగు మాట్లాడే పల్లెలు బోలెడున్న ఆ జిల్లాలో ఎండిన చెరువులు మాత్రం నిండాయి.

భాష విషయంలోనూ అసలు సంగతి బయటివాళ్లు అనుకునేదానికి వేరుగా ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌కు, దాని పక్కనున్న మారతహళ్లికి తెలుగు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందని చాలామంది లెక్క. నిజానికి వర్తూరు, పనతూరు వైపు పాత రైతు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ తరతరాలుగా నడుస్తున్నదే. ‘ఆడికి పోయొచ్చినావా’ అని పలకరించే ఆ తెలుగులో సంగటి రుచి ఉంటుంది. 2011 జనగణనలో బెంగళూరు అర్బన్ జిల్లాలో దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు తమది తెలుగు అన్నారు. దీని మీద రెండో పొర అనంతపురం వైపు నుంచి వచ్చిన కట్టుబడి కూలీలది. మూడో పొర ఇంజినీరింగ్ పాసై కోర్సు నేర్చుకుందామని మారతహళ్లిలో దిగి, త్రీ షేరింగ్ పీజీలో ఆరు నెలలు గడిపి ఉద్యోగం పట్టిన కుర్రకారుది. ఈ మూడు పొరలు ఒకే భాష మాట్లాడుతూ ఒకరినొకరు పెద్దగా ఎరగవు. పీజీ ఓనర్ తెలుగువాడేనని అద్దె దగ్గర బేరం కుదరక గొంతు పెరిగినప్పుడు గానీ కుర్రాళ్లకు తెలియదు.

కోడి కూర, గోంగూర, కారప్పొడి దొరికే ఆంధ్రా మెస్సుల వల్ల మారతహళ్లిలో కన్నడ ఒక్క మాట రాకుండా ఐదేళ్లు నెట్టుకురావచ్చు. ఇదే స్థానికుల నొప్పి, న్యాయమైన నొప్పే. గోడ భాషకు కూడా ఉంటుంది మరి.

2023 మార్చి 25న కృష్ణరాజపురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పదమూడు కిలోమీటర్ల పైచిలుకు మెట్రో మొదలైంది. మధ్యలో రెండు కిలోమీటర్ల ముక్క అతకలేదు. బయ్యప్పనహళ్లిలో దిగి, ఫీడర్ బస్సెక్కి, మళ్లీ మెట్రో ఎక్కే విడ్డూరం అక్టోబరు 9 దాకా సాగింది. అతికాక పడమటి కొసనున్న చల్లఘట్ట (ఆ లోయ చల్లఘట్ట కాదు) నుంచి కాడుగోడి దాకా ఒకే రైలు. వైట్‌ఫీల్డ్ చరిత్రలో ఏ గేటు లోపలికీ పోకుండా అన్ని గేట్ల ముందు ఆగే మొదటి వస్తువు ఇదేనేమో. ఆసుపత్రి రోగి, టెస్టింగ్ ఇంజినీరు, తాపీ మేస్త్రి ఒకే కడ్డీ పట్టుకుని నిలబడతారు. అయితే స్టేషన్ మెట్లు దిగగానే ఫుట్‌పాత్ అరవై అడుగులు సాగి ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆఫీసు గేటు దాకా రోడ్డు అంచున, బస్సులకూ మురుగుకాలువకూ మధ్య నడక.

శుక్రవారం రాత్రి మాత్రం ఈ ప్రవాహం ఎదురు తిరుగుతుంది. మారతహళ్లి బ్రిడ్జి కింద, టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర కడప, తిరుపతి, విజయవాడ, హైదరాబాద్ బస్సుల కోసం బ్యాగులు నేల మీద పెట్టుకుని జనం నిలబడతారు. కృష్ణరాజపురం ప్లాట్‌ఫారం మీద ఆంధ్రా వైపు పోయే రైలు ఎక్కేవారి గుంపు. ఫోన్లో ‘ఎక్కడున్నావ్?’ అన్న ప్రశ్నకు ఇంటి దగ్గరివాళ్లతో ‘బెంగళూరులోనే ఉన్నాం’ అని, తోటి ప్రయాణికుడితో ‘వైట్‌ఫీల్డ్’ అని, ఆటోవాడితో మాత్రం ‘నల్లూరహళ్లి’ అని చెబుతారు.